ముప్పై ఏడో రాయి

మొదటి రోజు, సోమవారం

శిక్షణ దినచర్య రెండు పూటలా రాయాలట. పూటకి మూడు గడులు: ఏం చూశాను, ఏం నేర్చుకున్నాను, రేపు తరగతిలో ఏం చేస్తాను. ఆ పుస్తకం వేరే ఉంది. దాన్లో నా అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉంటాయి. ఇది నా సొంత నోట్‌బుక్కు. ఎవరికీ ఇవ్వను కాబట్టి ఇందులో ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు.

నేను వరహాలమ్మను. కొత్తమొగ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్ని, ముప్పై ఏళ్ల సర్వీసు. హెచ్.ఎం. బదిలీ అయి మూడేళ్లయినా ఎవరినీ వెయ్యలేదు, ఆ కుర్చీ కూడా నాదే. గంట కొట్టేదీ నేనే, ఉప్పునీళ్లని తాగే నీళ్లు చేసే మిషను వడపోత గుడ్డ ఉతికేదీ నేనే. ఇంత పని పెట్టుకున్న మనిషికి ఇప్పుడు పన్నెండు రోజుల శిక్షణ! ఇంకో మూడేళ్లలో రిటైరయ్యేదాన్ని, నాకు కొత్తగా నేర్పేదేమిటో.

శిక్షకుడు పొద్దున లాంచీలో దిగారు. పేరు షేక్ మీరావలి. ముప్పై రెండేళ్లుంటాయేమో. భుజాన సంచి, చేతిలో చుట్ట చుట్టిన లెవెల్ ట్యూబు. పన్నెండో రోజున చుట్టుపక్కల ఎనిమిది బళ్ల టీచర్ల ముందు నేను మాదిరి పాఠం చెప్పాలట.

"మీ బడి నేనే అడిగి వేయించుకున్నానండి" అన్నారు గేటు దగ్గరే. "మీ మట్టం పుస్తకం మాకు ట్రైనింగులో మాదిరిగా చూపించారు. జిల్లా మొదటి బహుమతి కదండీ!"

నవ్వాను. మాట మార్చి ఆయన చేతిలోని సంచి అందుకున్నాను.

మట్టం పుస్తకం సంగతి రాసుకోవాలి. ఆకాశంలో ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని తుక్కయిపోయి ఇరవై నాలుగేళ్లు. అంతకుముందు జేబులో ఫోను తీస్తే ఊరి పటం కనిపించేదంటే మా పిల్లలు నేను కోతలు కోస్తున్నాననుకుంటారు. పైనుంచి చూసేవి పోయాక కిందనుంచి కొలిచేవాళ్లు కావలసివచ్చి, ఆ పని సోషల్ టీచర్ల నెత్తిన పడింది. ఊరికి నలభై రాళ్లు పాతించారు. ఒక్కో రాయి సముద్రానికి ఎంత ఎత్తున ఉందో ఎనిమిదో తరగతి పిల్లలచేత కొలిపించి ఆ పుస్తకంలో ఎక్కించాం. రోడ్డు వేసినా, గట్టు కట్టినా, ఇప్పటికీ ఆ అంకెలే ఆధారం. మా ఊరి పుస్తకం నేను రాసి ఇరవై రెండేళ్లయింది.

రెండో రోజు, మంగళవారం

మీరావలి గారు తరగతిలో వెనక కూర్చున్నారు. నేను ఏ ప్రశ్న అడిగినా ముప్పై చేతులు లేచాయి. చూసేవాళ్లకి కళ్లు చల్లబడాలి కదా! మధ్యాహ్నం టీ తాగుతూ ఆయన అడిగారు.

"మేడం, కొందరు కుడి చెయ్యి, కొందరు ఎడమ చెయ్యి ఎత్తుతున్నారు. మీరేమో కుడి చేతులవాళ్లనే లేపుతున్నారు."

దొరికిపోయాను. కుడి చెయ్యంటే తెలుసని, ఎడమ చెయ్యంటే తెలియదని. తనిఖీకి వచ్చినవాళ్లకి లేచిన చేతులే కనిపిస్తాయి. నా దగ్గర చదివిన ప్రతివాళ్లకీ ఇది మొదటి రోజే నేర్పుతాను. ఇప్పుడు వాళ్లలో సగంమంది పిల్లల తల్లులు.

ఆయన కోప్పడతారనుకుంటే పకపకా నవ్వారు. "మా టీచరు కూడా ఇదే నేర్పిందండి! కానీ తెలియదని చెప్పడానికి పిల్లలకి ఒక చెయ్యి ఉందంటే చాలా గొప్ప. రేపటినుంచి ముందు ఎడమ చేతులవాళ్లనే లేపండి."

ఎంత చిరాకేసిందో! అయినా రేపు చేసి చూస్తాను.

నాలుగో రోజు, గురువారం

నిన్న ఎడమ చేతులవాళ్లని లేపాను. గంటసేపు తెలియనివే మాట్లాడుకున్నాం. ముప్పై ఏళ్లలో అంత గోల, అంత పాఠం ఒకేసారి చూడలేదు. ఒప్పుకోక తప్పదు, పద్ధతి బాగుంది.

ఇవాళ ఆయన బోర్డు పైన మూడు ప్రశ్నలు రాయించి, పన్నెండు రోజులూ చెరపొద్దన్నారు. ఎవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు? మనం ఎలా సరిచూస్తాం? పుస్తకంలో ఏ వాక్యం చదివినా, పటంలో ఏ గీత చూసినా ఈ మూడూ అడగాలి.

సరిచూడటానికి పన్నెండో రాయి తీసుకున్నాం, లైట్‌హౌస్ దిబ్బ మీదిది. లెవెల్ ట్యూబు తాపీమేస్త్రులు వాడేదే. పారదర్శకంగా ఉండే గొట్టంలో నీళ్లు పోసి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా రెండువైపులా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. తేడా కొలుచుకుంటూ రేవు దగ్గర్నుంచి దిబ్బదాకా వెళ్లారు పిల్లలు. పుస్తకంలో ఏడు మీటర్ల నలభై సెంటీమీటర్లు. వాళ్లకి ఏడు ముప్పై ఎనిమిది వచ్చింది. దిబ్బ మీద గంతులే గంతులు! నేనూ చప్పట్లు కొట్టాను. ఆ రాయి నిజంగానే కొలిచాం అప్పట్లో, నా చెప్పులు తెగిపోయాయి కూడా.

"రేపు చీట్లు వేసి ఒక్కొక్కరికి ఒక్కో రాయి ఇద్దామండి" అన్నారు మీరావలి గారు.

ఐదో రోజు, శుక్రవారం

చీట్లు నేనే రాశాను. ముప్పై ఆరు వరకే రాశాను. ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి లెక్కపెట్టి, "నాలుగు తక్కువున్నాయే" అని తనే రాసి వేశారు. పెమ్మాడి నూకరత్నం చీటీ తీసి గట్టిగా చదివింది. ముప్పై ఏడు.

"ఆ రాయొద్దులేవే. మడ అడవి దగ్గర బురద, పాములు. వేరే చీటీ తియ్" అన్నాను.

"బురదేటండీ? తుఫాను షెల్టరు కట్టినప్పుడు సిమెంటు రోడ్డేశారు కదండీ. మా ఇంటికాడేనండి ఆ రాయి. రోజూ దాని మీదే కూచుంటానండి నేను."

అందరూ నవ్వారు. మీరావలి గారు నావైపు ఒకసారి చూశారు. పోటు ఎక్కువగా ఉంది, సోమవారం చూద్దామని తప్పించాను.

ఇక రాయక తప్పదు. ఇరవై రెండేళ్ల కిందట ముప్పై ఆరు రాళ్లు కొలిచాం. తర్వాత నాలుగు రోజులు ఒకటే ముసురు. మడవైపు బాట మోకాటి లోతు నీళ్లలో ఉంది. పుస్తకం శనివారం లాంచీకి పంపకపోతే బడికి చెడ్డపేరు. శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్ రూంలో కూర్చున్నాను. ముప్పై ఆరో రాయి నాలుగు మీటర్ల తొంభై. పక్కదే కదా, దూరంనుంచి కాస్త ఎత్తుగానే కనిపిస్తుంది కదా అని ముప్పై ఏడుకి ఐదు మీటర్ల పది అని రాశాను. మిగతా మూడూ అలాగే. సోషల్ టీచర్లలో ప్రాజెక్టు రికార్డు కూర్చున్నచోటే రాసెయ్యనివాళ్లెవరో చెయ్యెత్తమనండి చూద్దాం!

కొలిచినవారు సంతకం పెట్టాలి. అప్పటి క్లాసు లీడరు లోవతల్లిని పిలిచాను. "టీచరుగారండీ, ఇయి కొలవలేదు కదండీ" అంది. "కొలిచినట్టేలేవే, పెట్టు" అన్నాను. పెట్టింది. బహుమతిగా వచ్చిన గ్లోబు ఇంకా మా బీరువాలోనే ఉంది.

మూడేళ్ల కిందట తుఫాను షెల్టరుకి స్థలం చూడటానికి పట్నంనుంచి వచ్చారు. పుస్తకం తిరగేసి, "ముప్పై ఏడు, ఐదు మీటర్ల పది, అందరికీ దగ్గర, భేషుగ్గా ఉంది" అన్నారు. నేను పక్కనే టీ పోస్తున్నాను. నోరు విప్పలేదు. విప్పితే ఉద్యోగం పోతుంది. తప్పుడు మట్టం రాసిన టీచరు మళ్లీ తరగతి గదిలో అడుగు పెట్టకూడదని చట్టం. ఏమో, నా అంచనా సరిగ్గానే ఉందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. నిరుడు షెల్టరు పూర్తయింది. ఆ లోవతల్లే ఇప్పుడు దాని తాళాలు చూసే మనిషి. నూకరత్నం ఆమె కూతురు.

ఆరో రోజు, శనివారం

వైర్‌లెస్‌లో చెప్పారు. దక్షిణాన ఓడలవాళ్లకి గాలి మారిందట, వాయుగుండం కావచ్చట. పైనుంచి చూసేవి లేవు కాబట్టి ఓడలు చెప్పిందే వార్త, అదీ రెండు మూడు రోజుల ముందు మాత్రమే.

పిల్లలు పదకొండు రాళ్లు సరిచూశారు. అన్నీ సరిపోయాయి. మీరావలి గారికి నా మీద గౌరవం పెరిగిపోతోంది. అది చూస్తుంటే నాకు అన్నం సయించడం లేదు.

ఎనిమిదో రోజు, సోమవారం

ఇవాళ నేను చేసిన పనికి నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

నూకరత్నం ఆదివారం వాళ్ల తాతని వెంటపెట్టుకుని ముప్పై ఏడో రాయి కొలిచేసింది. పొద్దున వచ్చి బోర్డు మీద రాసింది: పుస్తకంలో ఐదు మీటర్ల పది, మేం కొలిస్తే మూడు మీటర్ల ఇరవై. మీరావలి గారు అప్పుడు వైర్‌లెస్ గదిలో ఉన్నారు, అదీ నా పాలిట అదృష్టమే అనుకున్నాను.

"ట్యూబులో గాలి బుడగ ఉండుంటుంది" అన్నాను.

"లేదండి. మా తాత తాపీమేస్త్రండి. బుడగుంటే తెలిసిపోద్దండి ఆయనకి."

"అయితే అడ్డదిడ్డంగా పట్టుకునుంటారు. రెండు మీటర్లు తేడా వస్తుందా ఎక్కడైనా? తమాషాగా ఉందా నీకు?"

ఆ పిల్ల ఎడమ చెయ్యెత్తింది. నేను లేపకుండానే అడిగింది. "మరి పుస్తకంలోది ఎవరు చెప్పారండి? ఆళ్లకెలా తెలుసండి?"

డస్టరు తీసుకుని ఆ అంకె తుడిచేశాను. కూర్చోమని అరిచాను. అది కూర్చుంది కానీ ఏడవలేదు, బోర్డు మీద మిగిలిన సుద్దమరకనే చూస్తూ ఉంది. మిగతా ముప్పైమందీ నా మొహం చూస్తున్నారు. వారంపాటు ఆయన నేర్పిందంతా ఒక్క నిమిషంలో నేను తుడిచేశాను. నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. భయమే ఎక్కువ.

మధ్యాహ్నం వైర్‌లెస్: వాయుగుండం తుఫానయింది.

తొమ్మిదో రోజు, మంగళవారం

పున్నమి. పొద్దున పోటు నిండుగా ఉన్న వేళకి గొడుగు పట్టుకుని ఒక్కదాన్నే మడవైపు వెళ్లాను. ఎన్నేళ్లయిందో అటు వెళ్లి. కావాలనే వెళ్లలేదు.

బయల్దేరేముందు రేవులో పోటు కొలబద్ద చూశాను. నీళ్లు రెండు మీటర్ల తొంభై దగ్గరున్నాయి. పుస్తకంలోది నిజమైతే ముప్పై ఏడో రాయి నీళ్లకి రెండు మీటర్లకు పైన, నా తల కంటే ఎత్తులో ఉండాలి. వెళ్లి చూద్దును కదా, పోటు నీళ్లు రాయికి జానెడున్నర కింద తళతళలాడుతున్నాయి. గొడుగు పెట్టి కొలిచాను. గొడుగులో మూడో వంతు. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఆ రాయి మీదే కూలబడ్డాను.

షెల్టరు వసారా ఊడుస్తున్న లోవతల్లి చూసి గబగబా వచ్చింది. "ఏటండీ టీచరుగారూ, ఒంట్లో బాగోలేదా? నీళ్లు తేనా?"

"పోటు ఎప్పుడూ ఇంత దగ్గరికి వస్తుందా?"

"పున్నమికల్లా వత్తాదండి. ఆఫీసులో చెప్పానండి నిరుడు. పుస్తకంలో ఐదు పది ఉంటే నీళ్లెలా వత్తాయమ్మా, కలగన్నావా అని నవ్వారండి."

ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. నిన్న కూతుర్ని తిట్టిన సంగతి ఇంట్లో తెలిసే ఉంటుంది. అయినా లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

పదకొండింటికి వైర్‌లెస్‌లో ఖరారు చేశారు. గురువారం మధ్యాహ్నం మా ఏటి మొగ దగ్గరే తీరం దాటుతుంది. ఉప్పెన ఐదున్నర మీటర్లు. ఆరువందల పన్నెండుమందీ షెల్టరులోకి వెళ్లాలని ఉత్తర్వు. షెల్టరు నేల రాయికంటే ఒక మీటరు ఎత్తు. పుస్తకం లెక్కన ఆరు మీటర్ల పది, నీళ్లు అంటవు. నిజం లెక్కన నాలుగు మీటర్ల ఇరవై. లోపల మీటరు ముప్పై నీళ్లుంటాయి. గాలి ఒత్తిడికి గోడలు పడకుండా మోకాలి ఎత్తున కన్నాలు పెట్టారు, వాటిలోంచే నిండుతుంది. తలుపులు సైరన్ మోగగానే వాటంతటవే తెరుచుకుంటాయి, గాలి హెచ్చితే వాటంతటవే బిగుసుకుంటాయి. గాలి తగ్గేదాకా లోపలివాళ్లు కూడా తియ్యలేరు. ఒకటో తరగతి పిల్లల ఎత్తు నాకు తెలుసు. మీటరు పది, మీటరు పదిహేను.

మీరావలి గారిని ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, పుస్తకంలో అంకె మార్చాలంటే ఎలాగని. "శాఖ మళ్లీ కొలవాలండి, నెల పడుతుంది. ఇంకో దారి ఉంది కానీ ఎప్పుడూ జరగలేదు. మొదట రాసినవాళ్లే తప్పు రాశామని పదిమంది ముందు ఒప్పుకుంటే అప్పటికప్పుడు కొట్టేయొచ్చు." ఆగి, "ఎందుకండి?" అన్నారు.

"ఊరికేనండి" అన్నాను. ఛీ, నా బతుకు.

పదో రోజు, బుధవారం

మాదిరి పాఠం రద్దు చేద్దామన్నారు ఆయన. ఎలాగూ పొరుగూళ్ల టీచర్లు రాలేరు. నేను ఒప్పుకోలేదు. పదింటికి హెచ్చరిక చెప్పడానికి ఊరందర్నీ షెల్టరు దగ్గర కూడమన్నారు, అక్కడే చెబుతానన్నాను. "ఇప్పుడా మేడం?" అన్నారు. ఇప్పుడే అన్నాను.

పిల్లలు ముందు, ఊరు వెనక. మబ్బు కమ్మి గాలి విసురుగా ఉంది. పుస్తకం తెరిచి, పాఠం మొదలుపెట్టాను. "ముప్పై ఏడో రాయి ఎత్తు ఐదు మీటర్ల పది అని ఇందులో ఉంది. ఎవరు చెప్పారు?"

అక్కడికే ఆగిపోయాను. చెప్పాలనే వచ్చాను. రాత్రంతా మాటలు కూడబలుక్కున్నాను. ఆరువందల మొహాలు చూసేసరికి నాలుక అంటుకుపోయింది. ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో అందరూ లేచి నిలబడి దండం పెట్టిన మనిషిని. గాలి బుడగ అబద్ధమే మళ్లీ చెప్పేద్దామా అనిపించింది కూడా.

"ఈ రాయి ఎవరు కొలిచారు?" అని మాత్రం అడగగలిగాను.

పిల్లల్లోంచి నూకరత్నం కుడి చెయ్యి లేచింది. జనం వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది. లోవతల్లిది. ఎడమ చెయ్యి.

ఊళ్లో చాలామందికి ఆ చెయ్యి అర్థం తెలుసు, నా దగ్గర చదివినవాళ్లే కదా. గుసగుసలు మొదలయ్యాయి. ఆమె చెయ్యి దించలేదు, నావైపే చూస్తోంది.

"సంతకం నీదే ఉందిగా లోవతల్లీ" అన్నాను.

"నాదేనండి. మీరు రాశారంటే కరెక్టే అయ్యుంటదనుకున్నానండి. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నానండి. మొన్న పిల్ల కొలిచొచ్చాక నాకు బువ్వ దిగట్లేదండి. సైరన్ మోగకముందు ఈ తలుపులకి తాళం తీసేది నేనేనండి. సెప్పండి, తీమంటారా?"

అప్పుడు చెప్పాను. "ఈ రాయి కొలవలేదు. ముసురు పట్టింది, బద్ధకించాను, స్టాఫ్ రూంలో కూర్చుని రాసేశాను. ఆ పిల్లచేత సంతకం పెట్టించాను. మొన్న దీని కూతురు సరిగ్గా కొలిచి తెస్తే తుడిచేశాను. షెల్టరు పల్లంలో ఉంది. రేపు ఇందులోకి వెళ్తే నీళ్లలో మునుగుతాం. పన్నెండో రాయి నిజంగా కొలిచాం, ఈ పిల్లలు మళ్లీ కొలిచారు. లైట్‌హౌస్ దిబ్బ మీదికి పోదాం."

ఎవరో బూతులు తిట్టారు. ఒకాయన చెప్పు తియ్యబోతే పక్కవాళ్లు పట్టుకున్నారు. మీరావలి గారి మొహంలో నెత్తురు లేదు. నా పుస్తకం చూసి టీచరయ్యానని మొదటిరోజే చెప్పారాయన, ఇక్కడ రాయలేదు నేను. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని వైర్‌లెస్ గదికి నడిచారు, వెనకే నేను.

కంట్రోలు రూంవాళ్లకి సరిగ్గా వినపడలేదు. "మళ్లీ చెప్పండి, రాసుకుంటున్నాం" అన్నారు. మైకు నా నోటి దగ్గర పెట్టారు మీరావలి గారు. కొలవలేదు, రాశాను. గరగర. మళ్లీ చెప్పండి. కొలవలేదు, రాశాను. మూడుసార్లు చెప్పించారు. సాయంత్రం నాలుగింటికి దిబ్బ మీద లైట్‌హౌస్ పక్కనున్న ప్రభుత్వ బియ్యం గోదాం తాళాలు పగలగొట్టడానికి అనుమతి వచ్చింది.

పదకొండో రోజు, గురువారం (శుక్రవారం పొద్దున రాస్తున్నాను)

పన్నెండింటికల్లా జనం దిబ్బెక్కారు. గోదాంలో నిలబడటానికి చోటు లేదు, చంటిపిల్లల్ని బస్తాల మీద పడుకోబెట్టారు. నేను హాజరు పిలిచాను, ఊరంతటికీ బడి హాజరే. ఆరువందల మూడు. తొమ్మిదిమంది లేరు. ఎండుచేపల కళ్లం దగ్గరివాళ్లు. బుధవారం మీటింగుకి వాళ్లు రాలేదు.

అప్పుడే షెల్టరు సైరన్ మోగింది. దాన్ని ఆపడం మా చేతిలో లేదు. సైరన్ వింటే ఎటు పరుగెత్తాలో ఆర్నెల్లుగా డ్రిల్లు చేయించాం. చేయించింది నేనే. ఆ తొమ్మిదిమందీ అటే వెళ్లుంటారు.

"నేనెల్తానండి" అంది లోవతల్లి. "తలుపు సందులో గునపం పెడితే బిగుసుకోదండి." నేనూ వస్తానన్నాను. "మీరొద్దండి, మీరు పరిగెట్టలేరు" అని వెళ్లిపోయింది. మీరావలి గారు ఆమె వెనకే పరుగెత్తారు.

నూకరత్నం గోదాం గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. వాన గాజుపెంకుల్లా కొడుతోంది. నా కొంగు పట్టుకోలేదు, నన్ను పొమ్మనీ అనలేదు. దేవుడా, ఈ పిల్లకి తల్లినివ్వు, నన్నేం చేసినా పరవాలేదు అనుకున్నాను. నోటితోనే అన్నానేమో, అది నావైపు చూసింది.

రెండున్నరకి కనిపించారు. నడుంలోతు నీళ్లలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. గుమ్మం దగ్గర లెక్కపెట్టుకుంటూ లోపలికి లాగాను. తొమ్మిదిమంది, మీరావలి గారు, చివర లోవతల్లి. ఆమె అరచేతులు గునపానికి చీరుకుపోయాయి. నూకరత్నం తల్లిని కరుచుకుని అప్పుడు ఏడ్చింది, సోమవారంనాటి ఏడుపు కూడా కలిపి.

మూడింటికి ఉప్పెన వచ్చింది. దిబ్బకి మూడొంతులదాకా నీళ్లు. మడ అడవి కనపడలేదు, షెల్టరు గోడల పైసగం, పైకప్పు మాత్రం కనపడ్డాయి.

పన్నెండో రోజు, శుక్రవారం

నీళ్లు తీశాయి. షెల్టరులోకి వెళ్లి చూశాం. గోడ మీద బురద గీత, నేలనుంచి మీటరు నలభై రెండు. నూకరత్నం టేపు పట్టి కొలిచి నోట్సులో రాసుకుంది. ఒకటో తరగతి పిల్లలు ఇద్దరు వెళ్లి ఆ గీత కింద నిలబడి, పైకి చూసి, ఎంతెత్తో అని నవ్వుకున్నారు. నేను బయటికి వచ్చేశాను.

శాఖనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇవాల్టితో నేను టీచర్ని కాదు. మిగతా ఊళ్లలోనూ అన్ని పుస్తకాలూ మళ్లీ కొలిపిస్తారట. కూర్చున్నచోటే రాసినవాళ్లు ఎవరైనా ముందే చెబితే శిక్ష తగ్గిస్తారట. పొద్దున్నుంచి పదిహేడుమంది చెప్పారని మీరావలి గారు అన్నారు. ఆయన బుధవారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

శిక్షణ దినచర్య ఇమ్మన్నారు. గుండ్రటి అక్షరాలది పక్కన పెట్టి ఈ నోట్‌బుక్కు ఇస్తానన్నాను. "ఇవాళ్టి రెండో గడి నింపండి ముందు" అన్నారు. ఏం నేర్చుకున్నారు?

ఇంతలో నూకరత్నం మట్టం పుస్తకం పట్టుకుని వచ్చింది. ముప్పై ఏడో రాయి దగ్గర నా ఐదు మీటర్ల పది ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. పక్కన కొత్త అంకెకీ, కొలిచినవారి సంతకానికీ ఖాళీ.

"మూడు మీటర్ల ఇరవై అని రాసి సంతకం పెట్టవే" అన్నాను. "నువ్వు కొలిచింది సరైనదే. నేను గొడుగు పెట్టి చూశాను."

పెన్ను మూత తియ్యలేదు అది.

"మీరు సెప్పారని సంతకం పెట్టనండి" అంది. "ఉప్పెనకి రాయి కదిలుంటది కదండీ. ఇంకోపాలి కొలిచి అప్పుడు పెడతాను. తాతకి జొరమొచ్చిందండి. ట్యూబు రెండో కొస పట్టుకోడానికి మనిషి కావాలండి."

మీరావలి గారు నావైపు చూశారు. గడి రేపు నింపుతానన్నాను. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. బాటంతా మోకాటి లోతు బురద. వెళ్తున్నాను.